పొగలో నారింజ చుక్క

పరదేశి చేతులు మెత్తటి పాత పంచె ముక్కతో అద్దాన్ని నడిమి నుంచి అంచుకు తుడుస్తున్నాయి. చోడవరం బజారులో గడియారాలు బాగుచేసే అతను, తుడిచేటప్పుడు ఎవరు పలకరించినా తలెత్తడు. మూడు నెలలు అరగదీసి, నునుపు చేసిన అద్దం అది. హైస్కూలు కోసం చేసిన దుర్భిణిలో దాన్ని బిగించాడు. పరీక్షించి తీసుకెళ్లడానికి సైన్సు మేష్టారు వేంకటరమణమూర్తి వచ్చారు. చీకటి పడగానే, చెరకుతోటల మీద కనిపించీ కనిపించనట్టున్న ఒక చుక్కను అందులోంచి చూశారు.

"ఇదేమిటోయ్, నారింజ రంగులో ఉంది! అద్దాన్ని పసుపునీళ్లతో కడిగేవా? దోషం ఉంటే నేను పట్టుకెళ్లను."

"అద్దంది కాదు బాబూ."

"అయితే బెల్లం పొయ్యిల పొగ అయ్యుంటుంది."

పరదేశి గొట్టాన్ని వెంట్రుకవాసి పక్కకు జరిపాడు. "అంతే ఎత్తులో ఇంకోటుంది, సూడండి. అదే అద్దం, అదే పొగ. ఇదేటి రంగు?"

మేష్టారు ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశారు. "తెలుపే."

"మరి ఆ నారింజ రంగు సుక్కదే."

మేష్టారు మళ్లీ మొదటిదాన్ని వెతికి పట్టుకున్నారు. "ఉత్తపుణ్యానికి నీ పనికి వంక పెట్టేనోయ్," అని నవ్వారు. పరదేశి గొట్టానికి మూత బిగించి, రెండు చేతులతో ఆయనకు అందించాడు.