మొప్ప ఎత్తి చూశాను

నేనుండే ఇర్వింగ్ ఊరి నుంచి ఒక్కడినే డ్రైవ్ చేసుకుంటూ కొలరాడో కొండల్లో ఒక వాగు దగ్గరికి వెళ్లాను. ఈకలతో కట్టిన దొంగ ఈగను గాలానికి తగిలించి నీళ్ల మీదికి విసరడమే ఫ్లై ఫిషింగ్. పొద్దుటి నుంచి నా ఈగ చెట్టుకొమ్మలకీ, నా టోపీకీ తప్ప దేనికీ తగులుకోలేదు. మధ్యాహ్నం ఎట్టకేలకు ఒక ట్రౌట్ చేప పడింది. దాన్ని వలలోకి తీసుకుని వెంటనే మొప్ప ఎత్తి చూశాను.

కాస్త అవతల గాలం వేస్తున్న తెల్లగడ్డం పెద్దాయన కంగారుగా వచ్చాడు.

“దెబ్బేమైనా తగిలిందా దానికి?”

“లేదండీ. తాజాదో కాదో చూస్తున్నాను.”

చేప తోకతో నా మొహాన నీళ్లు కొట్టింది.

“బతికే ఉంది కదా,” అన్నాడాయన నెమ్మదిగా.

ఉంది. కానీ మొప్ప ఎర్రగా ఉందో లేదో చూడకుండా చేప తెస్తే కాకినాడలో మా ఇంట్లో గుమ్మం దాటనిచ్చేవారు కాదు. చేపలు అమ్మేవాళ్ల మాట నమ్మకూడదని ఆయనకి వివరించాను.

“ఇక్కడ అమ్మేదెవరు?”

ఈ వాగులో పట్టిన చేపను మళ్లీ వదిలెయ్యాలని కూడా ఆయనే చెప్పాడు. కార్లో చింతపండు, మట్టి దాకతో సహా వచ్చినవాణ్ణి, ఏడుపుమొహంతో వదిలేశాను.

సాయంత్రం ఆయనకీ ఒకటి పడింది. వదిలే ముందు దాన్ని నీళ్లలోనే పట్టుకుని, వేలితో జాగ్రత్తగా మొప్ప ఎత్తి, వంగి చూశాడు.

“తాజాదే,” అని నాకు చెప్పి వదిలేశాడు.