అక్క వదిలేసిన అలవాటు

మా కలకత్తా ఆఫీసులో అందరికీ ఆవిడ దీదీ, నాకు మాత్రం అక్క. గత సోమవారం ఉదయం గుండెపోటుతో చనిపోయింది. కబురు నాకు ఆఫీసుకని సాల్ట్ లేక్ వెళ్ళే బస్సులో తెలిసింది. దిగాల్సిన చోట దిగకుండా చివరి స్టాపు దాకా వెళ్ళిపోయాను. ఏడుపు వచ్చింది. దానికన్నా ముందు ఇంకొకటి వచ్చింది: ఈవిడ కోసం ఎంతమందో ఏడుస్తారు, నేను పోతే ఇందులో సగం మందైనా ఏడుస్తారా అని. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

ఆవిడది టికియాపారా, నాది లిలువా, రెండూ హౌరా పక్కనుండే రైల్వే పేటలే. ఇద్దరి నాన్నలూ రైల్వేలోనే చేశారు. మధ్యాహ్నం టిఫిను డబ్బాలు విప్పినప్పుడు మేమిద్దరం తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. తన చేపల పులుసులో మంచి ముక్క నాకే వేసేది. అది తింటూనే ఆవిణ్ణి చూసి కళ్ళలో నిప్పులు పోసుకునేవాణ్ణి. ఎందుకంటే కొత్తవాళ్ళకు ఏ సందేహం వచ్చినా నా బల్ల దాటుకుని మరీ ఆవిడ దగ్గరికే వెళ్ళేవారు.

ఏడుగురం కలిసి ఒకే ప్రోగ్రాం రాసేవాళ్ళం, ఎవరి తీరు వారిది. ఒకరి ఫైలు ఇంకొకరు తెరిస్తే ముందు తన తీరులోకి దిద్దుకోవడం, ఆ తర్వాత తగువు. ఒకరోజు అక్క అందర్నీ కూర్చోబెట్టింది. ఓటు పెడితే ఓడినవాడు మనసులో పెట్టుకుంటాడు, అందుకని ఒక్కొక్కరూ తమకు బాగా ఇష్టమైన అలవాటు ఒకటి వదులుకుందాం అంది.

నాకు సమానం (=) గుర్తులంటే ప్రాణం. అవన్నీ ఒకదాని కింద ఒకటి నిలువుగా వచ్చేలా మధ్యలో ఖాళీలు పెట్టేవాణ్ణి. ఒక్క పొడుగు పేరు చేరితే చుట్టుపక్కల వరుసలన్నీ కదిలేవి, అసలు మారినదేదో ఎవరికీ తెలిసేది కాదు. అయినా దాని ఊసెత్తలేదు. ప్రోగ్రాం మధ్యలో వివరణగా పొడుగాటి కామెంట్లు రాయడం మానేస్తానన్నాను. అలాంటివి నేనెప్పుడు రాశాను గనక. అక్క మాత్రం, వరుస మొదట్లో నాలుగు ఖాళీలు వదిలే తన అలవాటు మాని, మిగతావాళ్ళలా రెండే వదులుతానంది.

తర్వాత టీ దగ్గర నన్ను పక్కకు పిలిచింది.

“ఏటి తమ్ముడూ, నీ దగ్గిర లేనిదే దానం సేసినావా?”

నాలుగైతేనేం రెండైతేనేం, నువ్వు మాత్రం ఏం పోగొట్టుకున్నావని ఎదురు అడిగాను. నవ్వి తన టీ అందుకుంది. నా సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత నుంచి ఆవిడ తెర మీదకు వంగి చదవడం మొదలుపెట్టింది. అక్క ముక్కుతో టైపు చేస్తోందని అందర్నీ నవ్వించింది నేనే. ఆవిడా నవ్వింది. అక్కకు అప్పటికే చూపు తగ్గుతూ వచ్చిందనీ, ఆ నాలుగు ఖాళీలుంటేనే ఏ వరుస దేని లోపలిదో ఆనవాలు దొరికేదనీ ఆవిణ్ణి పూడ్చిన రోజు సమాధుల తోటలో ఆవిడ భర్త, బావగారు చెప్పారు. అక్కడ నిలబడి కూడా కుళ్ళుకున్నాను. అంత ఇచ్చి, చెప్పుకోకుండా ఉండడం నాకెందుకు చేతకాలేదని.

మర్నాడు ఆఫీసులో నా ఫైళ్ళన్నీ తెరిచి, నేను పేర్చుకున్న ఖాళీలు ఒక్కొక్కటే తీసేశాను. ఒకరి మార్పు ఇంకొకరు చూసి ఒప్పుకోవాలన్నది మా పద్ధతి; కొత్తగా చేరిన బెంగాలీ అమ్మాయి చూసి ఆమోదించింది. “ఠిక్ దీదీర్ మతో, దాదా” అంది. అచ్చం దీదీ రాసినట్టే ఉందట.

నేను వదులుకున్నదానికి కూడా పేరు ఆవిడకే పోయింది. కుర్చీ ముందుకు జరుపుకుని, ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వంగి, ఎగుడుదిగుడుగా నిలబడ్డ ఆ సమానం గుర్తుల్ని చూస్తూ కూర్చున్నాను.