కొండెక్కిన దీపంలో నూనె

అలివేలమ్మ డెబ్బై ఏడేళ్ళు బతికింది. చివరి పాతికేళ్ళలో ఎవరింటి పేరంటానికి వెళ్ళినా దీపం పెట్టిన మూలకు మాత్రం పోయేది కాదు. "వెలుతురు కండ్లకు గుచ్చుకుంటాదమ్మా" అనేది. అబద్ధం! ఆ వయసులో కూడా సూదిలో దారం తనే ఎక్కించుకునేది మహాతల్లి. ఆమెది కళ్ళ జబ్బు కాదు, సిగ్గు. పంతొమ్మిది వందల నలభై ఆరు కార్తీకంలో పట్టుకుంది, మళ్ళీ నయం కాలేదు.

చిత్తూరు సంతపేటలో అలివేలమ్మ పొదుపు గురించి వీధి వీధంతా చెప్పుకునేది. భర్త చెంగల్రాయుడు కోర్టులో బంట్రోతు. పిల్లలు లేరు. ఇద్దరే మనుషులు, అయినా ఆ ఇంట్లో ఏదీ ఊరికే పోవడానికి వీల్లేదు. చీర పాతబడితే దుప్పటి, దుప్పటి చిరిగితే మసిగుడ్డ, మసిగుడ్డ కూడా పనికిరాకపోతే పొయ్యి రాజేసుకోవడానికి. "పారేసేదానికి మీకు చెయ్యెట్లా వస్తాదిమే?" అని ఇరుగుపొరుగును దులిపేసేది. వాళ్ళు వెనకాల పిసినారి అని నవ్వుకునేవాళ్ళు. ఇంట్లో ఏదైనా నిండుకుంటే మాత్రం ఆమె దగ్గరికే పరిగెత్తేవాళ్ళు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఆనకట్టల్లో నీళ్ళు అడుగంటాయని, కార్తీకం మొదలు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కరెంటు ఉండదని వీధిలో టముకు వేయించారు. కిరసనాయిలు సంగతి అడగనే వద్దు. రేషను కార్డుకు ఇచ్చే నూనె నాలుగు సాయంత్రాలకు కూడా చాలదు. వీధంతా లబోదిబోమంటే అలివేలమ్మ కొంగు దోపింది.

"ఏడ్సుకుంటా కూసుంటే వెలుతురు వస్తాదా? నేనేం జేస్తానో సూడండి" అంది.

చేసింది కూడా. తెల్లటి గోడ ఉంటే ఒక్క దీపం రెండు దీపాల పెట్టు అని నడవకు సున్నం కొట్టింది. దీపం గూటిలో వెనకవైపు పగిలిన అద్దం ముక్క నిలబెట్టింది. భర్త పాత పంచె చించి, తొడ మీద పేని, డబ్బా నిండా వత్తులు చేసింది. అగ్గిపుల్లల్ని బ్లేడుతో నిలువునా చీల్చి ఒకదాన్ని రెండు చేసింది. సంకటి, పులుసు సాయంత్రం నాలుగున్నరకే దించి, కుండకు గోనె చుట్టి, చలికి చల్లారిపోకుండా పొట్టు బుట్టలో పెట్టడం మొదలుపెట్టింది. మొగుడు చీకట్లో తడుముకోకుండా మంచం దగ్గర నుంచి నడవ మీదుగా పెరటి తలుపు దాకా కొబ్బరితాడు లాగి కట్టింది.

"ఏమే, నన్ను ఎద్దనుకున్నావా, పలుపు కట్టినావు?" అన్నాడు చెంగల్రాయుడు.

"ఎద్దయితే దానికే దోవ తెలుస్తాది. పట్టుకుని నడువు" అంది.

అన్నీ కుదిరాయి. నూనె ఒక్కటే కుదరలేదు.

కార్తీకం రెండో రోజు తెల్లవారుజామున తలకు పోసుకుని వీధి చివర ఈశ్వరుడి గుడికి వెళ్ళింది. ముందు సాయంత్రం ఆడవాళ్ళు పెట్టి వెళ్ళిన దీపాలు చలిగాలికి ఎప్పుడో కొండెక్కాయి. దీపం ఆరిపోయింది అని మనం నోటితో అనం కదా, కొండెక్కింది అంటాం. దీపాలు కొండెక్కాయి గానీ నూనె ఎక్కడిదక్కడే ఉంది. నంది పక్కన పెద్ద ప్రమిదలో అయితే సగానికి సగం మిగిలింది. అదీ మంచినూనె, నువ్వుల వాసన కమ్మగా కొడుతోంది. కాసేపట్లో గుడి ఊడ్చే మనిషి వచ్చి ప్రమిదలన్నీ గంపకెత్తి దిబ్బలో పారబోస్తాడు. అలివేలమ్మ అక్కడి నుంచి కదలలేకపోయింది.

దీపం కొండెక్కిందంటే స్వామికి చేరిపోయినట్టే కదా, మరి ఇక్కడ మిగిలింది ఎవరిది? ఎవరిదీ కాదు. పారబోసేదాన్ని తీసుకుంటే దొంగతనం ఎట్లా అవుతుంది? ఇంత చక్కగా తనకు తాను నచ్చజెప్పుకున్న మనిషి మరి సీసాను కొంగు కింద ఎందుకు దాచినట్టు? అటూ ఇటూ ఎందుకు చూసినట్టు? తప్పని ఆమెకు తెలుసు. తెలిసే చేసింది.

చిన్న ప్రమిదల జోలికి పోలేదు. నంది పక్కన పెద్దది ఒక్కటి వంచుకుంటే చాలు, ఆ సాయంత్రం గడిచిపోతుంది. అడుగున అంటిన జిడ్డును కూడా గుడ్డతో తుడిచి సీసాలోకి పిండేది. ఏ పనీ సగంలో వదిలే రకం కాదు. చలి కొరికినా, ఒళ్ళు వెచ్చబడినా ఒక్క రోజు మానలేదు. "ఇన్నేండ్లకు నీకు భక్తి కుదిరిందేమే" అని చెంగల్రాయుడు మురిసిపోయాడు. నూనె ఎక్కడిదని అడిగితే బంగారుపాళ్యం నుంచి పుట్టింటివాళ్ళు పంపించారంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన వైపు చూడలేక కుండలు సర్దుకుంది.

ఆరు కొట్టేసరికి సంతపేట చీకటి. అలివేలమ్మ నడవలో మాత్రం తెల్లగోడ మీద, అద్దం మీద పడి దీపం ధగధగలాడేది. ఎదురింటి వరదమ్మ చేటలో బియ్యం తెచ్చుకుని రాళ్ళు ఏరుకునేది. "నువ్వుండబట్టి గానీ అలివేలమ్మా, లేకుంటే మేమంతా గుడ్డోళ్ళమే" అనేది. పక్కింటి దేవకమ్మ శెనక్కాయల గంప తెచ్చుకుని గోడవారగా కూర్చుని వలిచేది. అందరికీ అలివేలమ్మ "రండి, కూసోండి, వెలుతురుకేం కరువు" అని చాపలు పరిచేది. ఊరంతా పిసినారి అన్న మనిషిని పదిమంది మెచ్చుకుంటుంటే బాగానే ఉంటుంది మరి.

దేవకమ్మకు ఇరవై ఆరేళ్ళు. భర్త మునస్వామి లారీ డ్రైవరు. యుద్ధంలో పట్టాళంలో చేరి సింగపూరు వెళ్ళాడు. నాలుగున్నరేళ్ళుగా జాబు లేదు. యుద్ధం ముగిసి ఏడాది దాటింది. కొందరు తిరిగొచ్చారు, కొందరు పోయారని కాగితాలు వచ్చాయి. మునస్వామి రాలేదు, కాగితమూ రాలేదు. శెనక్కాయలు వలిచిన కూలితో ఆ పిల్ల ఒంటరిగా నెట్టుకొస్తోంది.

అమావాస్యతో కార్తీకం వెళ్ళిపోతుందనగా ముందు రోజు సాయంత్రం. కరెంటు పోయింది, ఆడవాళ్ళు చేరారు. దేవకమ్మ ఇల్లు ఎప్పటిలాగే చీకటిగా ఉంది. అలివేలమ్మకు బుద్ధి చెప్పాలనిపించింది.

"దేవకీ, నిన్న అంగట్లో మంచినూనె కొంటా ఉంటివే, నేను సూసినాను. ఆ నూనెంతా ఏం జేస్తావుమే? ఇంట్లో దీపం గూడా పెట్టుకోవు."

"అది ఇంటికి గాదత్తా, స్వామికి" అంది దేవకమ్మ. కాస్త తటపటాయించి చెప్పింది. "మా ఆయన అన్న, గోవిందస్వామి బావ ఈ కార్తీకం దాకా సూస్తానన్నాడు. రేపు అమాస దాటితే మా ఆయనకు కర్మ జేసి, నా తాళి తీయించేస్తాడంట. నేను సోదె చెప్పే ఆమెను అడిగినాను. నంది పక్కన పెద్ద దీపం పెట్టి తెల్లారి పోయి సూసుకో అనింది. నూనె లేకుంటే స్వామి తాగినట్టు, మనిషి బతికుండినట్టు. మిగిలిందంటే..." ఆ మాట మింగేసింది. వెంటనే మొహం విప్పారింది. "అత్తా, ఇన్ని దినాల్లో ఒక్క సుక్క మిగల్లేదు! తుడిసిపెట్టినట్టు ఉంటాది. స్వామి ఎంత దప్పిగ్గా ఉండాడోనని దినాదినానికి రోంత ఎక్కువే పోస్తా ఉండా. నా ఇల్లు చీకటైతే ఏమిలే, నీ దీపం ఉండాది గదా."

అలివేలమ్మ గూటి వైపు చూసింది. గూట్లో వెలుగుతున్నది దేవకమ్మ నూనె. ఆ పిల్ల ఇంటిని చీకటి చేసి, ఆ పిల్ల నూనెనే వెలిగించి, ఆ వెలుతురులో ఆ పిల్లనే కూర్చోబెట్టి, దొడ్డమనసు చూపిస్తోంది తను! "తుడిసిపెట్టినట్టు" అన్న మాట తలచుకుంటే తల కొట్టేసినట్టయింది. తుడిచిన గుడ్డ ఇంకా పెరట్లో దండెం మీద ఆరుతోంది.

"ఏమత్తా, అట్లుండావు?" అంది దేవకమ్మ.

"ఏం లేదు, పొగ" అంది అలివేలమ్మ. దీపంలో పొగ రావడం లేదు.

ఇంక కూర్చోలేకపోయింది. పెరట్లో పని ఉందని లేచి, ఇంట్లో ఉన్న నూనె సీసా కొంగు కింద పెట్టుకుని దొడ్డిదారిన గుడికి వెళ్ళింది. నంది పక్కన దేవకమ్మ దీపం ఇంకా వెలుగుతోంది. తీసుకున్నది తిరిగిచ్చేస్తే తప్పు తీరిపోతుందని ఆమె లెక్క. ఇంత నూనె ఉంటే దీపం తెల్లవార్లూ వెలుగుతుంది, పొద్దున్నే చూసి దేవకమ్మ ఇంకా సంతోషపడుతుంది అనుకుంది. సీసా వంచి ప్రమిద అంచు దాకా పోసేసింది. బతుకంతా చుక్కచుక్క మిగుల్చుకున్న మనిషికి పోయడం ఎక్కడ తెలుసు? ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

తెల్లారేసరికి గుడి వైపు నుంచి ఏడుపు వినబడింది. అలివేలమ్మ పరిగెత్తింది. వత్తి నూనెలో మునిగిపోయి దీపం ఎప్పుడో కొండెక్కింది. ప్రమిద నిండుగా ఉంది. దేవకమ్మ దాని ముందు కూలబడి ఉంది, నలుగురు ఆడవాళ్ళు చుట్టూ నిలబడ్డారు.

"స్వామి మొగం తిప్పుకున్నాడత్తా! ముట్టనే లేదు సూడు!" అంది దేవకమ్మ ఆమెను చూడగానే. "ఇంగ నాకెవరుండారు? మా బావకు చెప్పండి, కర్మ చేసుకోమనండి." చేతులు మెడ వెనక్కి పోయి పసుపుతాడు ముడి వెతుకుతున్నాయి. వరదమ్మ ఆ చేతులు పట్టుకుని లాగుతోంది, ఆగడం లేదు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. అంత ఘోరం కళ్ళముందు జరుగుతున్నా అలివేలమ్మకు ఆ ఆలోచన వచ్చింది. తర్వాత జీవితమంతా దొంగతనం కంటే దానికే ఎక్కువ సిగ్గుపడింది.

"ముడి ఇప్పొద్దుమే!" అని అరిచింది. "ఇన్ని దినాలు తాగింది స్వామి గాదు. నేను."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ప్రమిద వైపే చూస్తూ చెప్పింది.

"దినమూ తెల్లారకముందే వచ్చి నీ నూనె సీసాలో పోసుకుపోయినాను. అడుగు తుడిసింది గూడా నేనే. మా నడవలో వెలిగింది అదే నూనె. నిన్న నీ మాట ఇన్నాక తల ఎత్తుకోలేక, ఇంట్లో ఉండేదంతా తెచ్చి దీంట్లో పోసినాను. అందుకే మిగిలింది. దీంట్లో నీ మొగుడి సంగతి ఏమీ లేదు తల్లీ. ఉండేదంతా నా సిగ్గుమాలిన సంగతే."

"దేవుడి నూనెనా!" వరదమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పుట్టింటోళ్ళు పంపించినారంటివే! ఆ వెలుతురులోనా మేము బియ్యం ఏరుకునింది?" ఎవరో "ఛీ" అన్నారు. అలివేలమ్మ కదలలేదు. దేవకమ్మ చెంప మీద కొడుతుందని చూసింది. కొడితే బాగుండుననిపించింది.

దేవకమ్మ కొట్టలేదు. చేతులు మెడ మీద నుంచి దించి, ప్రమిదలోకి వంగి చూసింది.

"నువ్వు పోసింది ఎంత అత్తా?"

"సీసాడు."

"మిగిలింది గూడా సీసాడు ఉంటాది" అంది దేవకమ్మ మెల్లగా. మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "అంటే నేను పోసింది తాగేసినాడు. నువ్వు పోసింది ముట్టలేదు. అంతే గదా అత్తా?"

ఒక ప్రమిదలో కలిసిన నూనెలో నీది, నాది అని ఉండదు. నూనె సంగతి ఆ వీధిలో అలివేలమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చెబుదామని నోరు తెరిచింది. దేవకమ్మ కళ్ళార్పకుండా ఆమె నోటినే చూస్తోంది.

"అవునమ్మా" అంది అలివేలమ్మ. "నాది ముట్టలేదు."

దేవకమ్మ పసుపుతాడు ముడి బిగించుకుని, కళ్ళకద్దుకుని లేచింది.

మధ్యాహ్నం గోవిందస్వామి వచ్చి కర్మ మాటెత్తితే, "స్వామి నా నూనె తాగి ఈమె నూనె వదిలిపెట్టినాడు, కావాలంటే అడుగు బావా" అని అలివేలమ్మ గడప దగ్గరికి తీసుకొచ్చి నిలబెట్టింది. చెప్పక తప్పలేదు. నడివీధిలో, మొగవాళ్ళ ముందు, సీసా దగ్గర నుంచి గుడ్డ పిండడం దాకా అంతా చెప్పింది. లోపల మంచం మీద చెంగల్రాయుడు వింటున్నాడు. గోవిందస్వామి గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూడా ఎవరు ఆ మాటెత్తినా దేవకమ్మ ఆమెనే సాక్ష్యం పిలిచేది. ప్రతిసారీ అలివేలమ్మ వచ్చి, తల వంచుకుని, మొదటి నుంచి చెప్పేది. మునస్వామి కబురు ఏ ఏటికీ తెలియలేదు. దేవకమ్మ తాళి మాత్రం మెడలోనే ఉంది.

ఆ సాయంత్రం ఆరు కొట్టింది, కరెంటు పోయింది. వరదమ్మ రాలేదు. చాపలు చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. గూట్లో అద్దం ముక్క ఉంది, వత్తుల డబ్బా ఉంది, చీల్చిన అగ్గిపుల్లలున్నాయి. చెంగల్రాయుడు కొబ్బరితాడు పట్టుకుని నడవలోకి వచ్చి చీకట్లో నిలబడ్డాడు.

"ఏమే, ఈ పొద్దు దీపం లేదా?"

"కొండెక్కింది" అంది అలివేలమ్మ.