గళ్ళు పడిన ముహూర్తం

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో చిక్కబళ్ళాపురం మొత్తానికి కంప్యూటరు మీద పెళ్ళి వీడియో ఎడిట్ చేయగలిగిన ఆడపిల్లను నేనొక్కదాన్నేనని నా గట్టి నమ్మకం. (ఎవరూ ఊరంతా తిరిగి చూడలేదు. నేనే అనుకున్నాను.) ఆరు నెలల కోర్సు ముగించి మా మేనమామ స్టూడియోలో కుర్చీ ఎక్కి కూర్చున్నాను. మామ రీలు కెమెరాల కాలం మనిషి. కార్డు కెమెరాలు అప్పుడప్పుడే వస్తున్నాయి, మనసొప్పకపోయినా ఒకటి కొన్నాడు. కానీ ప్రతి పెళ్ళికీ ఒక కొత్త మెమరీ కార్డు తెచ్చేవాడు. పెళ్ళి కాగానే దాన్ని కాగితంలో చుట్టి, మీద ఊరి పేరు రాసి, నెగటివ్‌లు పెట్టే బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు. "ఒకసారి బొమ్మ పడిన ఫిల్ము రోలు మళ్ళా యాడన్నా వాడతారా పాపా?" అన్నాడొకరోజు. నేను పగలబడి నవ్వాను. "ఇది రోలు కాదు మామా, పలక! తుడిచి మళ్ళీ రాసుకోవచ్చు" అని, టీ అంగడాయన గ్లాసులు పట్టుకుని నిలబడి ఉండగానే పాఠం చెప్పాను. మామ తల వంచుకుని టీ తాగాడు. ఆ పూట నేనేదో గెలిచినట్టే అనిపించింది.

ఆ వారమే చింతామణి ఊళ్ళో, కల్యాణ చత్రంలో ఒక పెళ్ళి. అమ్మాయిది మండికల్ పల్లె. పెంచి పెద్ద చేసిన అవ్వ పశువుల కొట్టంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని మంచం మీదుంది, పెళ్ళికి రాలేకపోయింది. "మా అమ్మ రోజూ అడగతాండాది. శుక్రారం లోపల చూపించల్ల పాపా" అని పెళ్ళికూతురి తండ్రి నా చేతులు పట్టుకున్నంత పని చేశాడు. నాకేం, సరేనన్నాను. తీరా కార్డులోది కంప్యూటర్లోకి ఎక్కిస్తే బొమ్మ నడవదే! పురోహితుడు చెయ్యెత్తితే, ఆ చెయ్యి దిగేలోపల మంత్రం అయిపోతోంది. కెమెరా బొమ్మల్ని బాగా కుదించి రాస్తుందని, ఎడిటింగ్‌కు వీలైన ఇంకో కోడెక్‌లోకి, అంటే బొమ్మల్ని చుట్టి విప్పే ఇంకో పద్ధతిలోకి, మార్చుకోవాలని కోర్సులో చెప్పారు. ఏ కోడెక్కో చెప్పారో లేదో (చెప్పిన రోజు నేను బెంగళూరు నుంచి ఇంటికొచ్చే బస్సు కోసం ముందే లేచి వచ్చేశానేమో) గుర్తులేదు. తెర మీద ఇరవై పేర్లున్నాయి. పక్కనే ఏది ఎంత చోటు తింటుందో ఉంది. వంకాయలైతే చిన్నవే లేతవి, కోడెక్‌లూ అంతేననుకున్నాను. అన్నిటికంటే చిన్నది ఏరుకున్నాను.

ఇక నా కళ మొదలైంది. పెళ్ళికూతుర్ని గులాబీలో పెట్టాను. అదే కోడెక్‌లో సేవ్ చేసి, దాని మీద పావురాలు ఎగరేశాను. మళ్ళీ సేవ్ చేసి, వధూవరుల్ని నంది కొండ మీద నిలబెట్టాను. అలా ఆరు సార్లు. కంప్యూటర్లో చోటు చాలకపోతే కెమెరా నుంచి తెచ్చుకున్న అసలు ఫైళ్ళు చెరిపేశాను. మరుసటి రోజు బాగేపల్లిలో నామకరణం ఉంది, కార్డు కావాలి. చింతామణిదే తెమ్మన్నాను. "చింతామణి పెండ్లి కార్డేనా? వాళ్ళింకా చూడనేలేదు కదమ్మా" అని మామ నసిగాడు. "అంతా కంప్యూటర్లో భద్రంగా ఉంది మామా, తెండి!" అన్నాను. మామ లోపలికి వెళ్ళి కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు. కెమెరాలో వేసి, మామ కళ్ళెదుటే టిక్కుమని ఫార్మాట్ కొట్టి తుడిచేశాను.

శుక్రవారం పొద్దున డిస్కు నేనే మండికల్‌కు తీసుకెళ్ళాను. (పొగడ్తలు చెవులారా వినాలని కాకపోతే నేనెందుకు వెళ్ళాలి?) అవ్వ మంచాన్ని టీవీ ముందుకు జరిపారు. ఆమె కొంగుకు చిన్న ముడి ఉంది. "చత్రం నుంచి అక్షింతలు పంపిచ్చినారమ్మా. తాళి కట్టేది చూడకుండా ఎట్ల ఎయ్యల్ల? అందుకే మూట కట్టి పెట్టుకోనుండా" అంది. గులాబీలు వచ్చాయి, పావురాలు వచ్చాయి. అవ్వ ముడి విప్పుకుని గుప్పిట సిద్ధంగా పెట్టుకుంది. గట్టిమేళం మోగింది, చత్రంలో అందరూ ఒక్కసారిగా అక్షింతలు చల్లారు. అంతే! తెరంతా పసుపు గళ్ళు, ఎర్ర గళ్ళు. పెళ్ళికొడుకు చేతుల్లేవు, పెళ్ళికూతురి మెడ లేదు. గళ్ళు సర్దుకునేసరికి తాళి మెడలో ఉంది. నేను స్టూడియోలో కంప్యూటరు తెర మీది అగ్గిపెట్టంత కిటికీలో, అదీ నా గులాబీల్నే చూసుకున్నాను తప్ప, ముహూర్తాన్ని చూసిన పాపాన పోలేదు. "ఏమ్మా, నా మనవరాలి మీద ఇటికెలు పోసినారా?" అంది అవ్వ. అంతలోనే కళ్ళు నులుముకుంటూ, "కాదులే, నా కండ్లే పోయినట్టుండాయి" అంది. నేను గబగబా డిస్కు బయటికి తీశాను. "కళ్ళు కాదవ్వా, డిస్కు బాగలేదు. ఎల్లుండి మంచిది తెస్తా" అన్నాను. "తేమ్మా, కనపడినప్పుడే ఏస్తాలే" అని అవ్వ గింజ కూడా రాల్చకుండా మళ్ళీ ముడి వేసుకుంది.

బస్టాండు నుంచే బెంగళూరులో ఎడిటింగ్ పనిచేసే నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. "పట్టుచీరను పెట్టెలో పెట్టడానికి మడుస్తాం. మడత మీదే కత్తెర వేస్తామా? పరచుకోవాలి కదే! కత్తిరించేటప్పుడు ప్రతి బొమ్మా నిండుగా ఉండే పెద్ద కోడెక్ కావాలి. నువ్వు ఆరుసార్లు మడిచి నలిపావు. అక్షింతలు పడేటప్పుడు క్షణక్షణం తెరంతా మారుతుంది, అంత చిన్న కోడెక్ దాన్ని ఎక్కడ మోస్తుంది? పోనీలే, కార్డులో అసలుది ఉంది కదా, మళ్ళీ మొదలుపెట్టు" అంది. నేను ఫోన్ పెట్టేశాను.

స్టూడియో చేరేసరికి మామ ఫ్రేములు తుడుస్తున్నాడు. "మామా, చింతామణి పెళ్ళి పోయింది. నేనే చెరిపేశాను" అని బల్ల మీద తల పెట్టి ఏడ్చేశాను. మామ తిట్టలేదు. బిస్కెట్ల డబ్బా తెచ్చి, కాగితం పొట్లం ఒకటి నా ముందు పెట్టాడు. మీద ఆయన వంకర అక్షరాలు: చింతామణి.

"ఇదెట్లా? మీ ముందే చెరిపాను కదా!"

"నువ్వు చెరిపింది కొత్త కార్డు. వాళ్ళు చూసి బాగుండాదనకముందే నెగటివు చెరిపేది యాడన్నా ఉండాదా పాపా? చెప్తే మళ్ళా టీ అంగడాయన ముందర నగుతావని చెప్పలే."

అమ్మయ్య! ఆ క్షణాన నాకు కలిగిన నిమ్మళం ఇంతా అంతా కాదు. ఏడుపు ఆగకపోగా రెండింతలైంది. మామ కంగారుపడి టీ తెప్పించాడు. టీ తెచ్చినాయన ముందే, "మామా, మీరే రైటు" అన్నాను. అంత కష్టమైన మాట నేను అంతకుముందు అనలేదు.

ఈసారి జాబితా చివరనున్న పెద్ద కోడెక్ పట్టుకున్నాను. ఫైళ్ళు ఎంత లావయ్యాయంటే గులాబీలకూ పావురాలకూ చోటే మిగల్లేదు. ఉత్త పెళ్ళి మాత్రం మిగిలింది. ఆదివారం మండికల్‌లో గట్టిమేళం మళ్ళీ మోగింది. అక్షింతలు గింజ గింజా విడివిడిగా కురిశాయి, వాటి మధ్య పెళ్ళికొడుకు వేళ్ళు మూడు ముళ్ళూ వేయడం తేటగా కనబడింది. అవ్వ మోచేతి మీద లేచి, "నూరేండ్లు బతకండి నాయనా!" అని గుప్పిట విప్పి టీవీ మీదికి విసిరింది. సగం గింజలు తెరకు తగిలి నా మీదే పడ్డాయి. "కండ్లు బాగనే ఉండాయి నాకు" అంది, కొడుకుతో, గొప్పగా.

ఆ సాయంత్రం జడ విప్పుతుంటే రెండు పసుపు గింజలు రాలాయి. మా అమ్మ "ఎవరి పెండ్లికి పోయింటివే?" అంది. ఇన్నేళ్ళలో ఎన్ని కోడెక్‌లు వచ్చాయో, ఎన్ని పోయాయో! కొత్తది ఏది వచ్చినా నేను మొదట అక్షింతలు పడే ముక్క ఒకటి వేసి చూస్తాను. గింజలు విడివిడిగా కనబడితేనే ఒప్పుకుంటాను. మామ డబ్బా ఇప్పుడు నా బల్ల మీదే ఉంది, చింతామణి పొట్లం ఇంకా అందులోనే ఉంది. పలక, తుడవచ్చు అని పాఠం చెప్పిన ఆ పిల్ల, అంటే అప్పటి నేను, ఇప్పుడు నా దగ్గర పనికొచ్చి తుడవడానికి కార్డు అడిగితే, నవ్వుకుంటూ ఆమెకూ ఒక కొత్త కార్డే ఇస్తాను.