రెక్కల సందున ఎర్రచుక్క

గజేందర్‌ను ఆ మ్యూజియంకు పంపేటప్పుడు కంపెనీ సూపర్‌వైజర్ ఒక్క మాటే చెప్పాడు. తుడవాలి, ముట్టుకోకూడదు. ముట్టుకోకుండా తుడవడం ఎలాగో చెప్పలేదు. వారం రోజులు తిప్పలు పడి ఆ విద్య గజేందరే నేర్చుకున్నాడు. అద్దాలకు ఒక గుడ్డ, చెక్కకు ఒకటి, ఇనుముకు ఇంకొకటి పెట్టుకునేవాడు. తాడు కట్టిన చోటికి వస్తే చెయ్యి వెనక్కి తీసుకునేవాడు.

అల్ ఖోర్ రోడ్డు పక్కన ఒక ఖతరీ పెద్దమనిషి తన సొంత సేకరణతో పెట్టిన మ్యూజియం అది. పాత కార్లు, ముత్యాల వేటకు పోయిన పడవల సామాను, గోడ గడియారాలు ఉండేవి. కొత్తగా కట్టిన హాల్లో పాతకాలపు విమానాల సరంజామా పెడుతున్నారు. గజేందర్ ఉండే క్యాంపు బిర్కత్ అల్ అవామిర్‌లో ఉంది. పొద్దున బస్సెక్కితే గంటంబావు ప్రయాణం. ఆ గంటంబావూ అందరూ కునుకు తీసేవారు. గజేందర్ మాత్రం బస్సు ఇంజన్ వింటూ కూర్చునేవాడు. అది అతని పాత అలవాటు.

నలభై ఏడేళ్ల గజేందర్‌ది సిరిసిల్ల. పంతొమ్మిదేళ్లకే కార్ఖానాలో చేరి, పాతికేళ్లు నిండేసరికి సాంచాలు బాగుచేసే మిస్త్రీ అయ్యాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. నలభై సాంచాలు ఒక్కసారిగా మోగుతుంటే పక్కవాడి మాట కూడా వినబడదు. అంత మోతలోనూ గుమ్మం దగ్గర నిలబడి, ఆ మూల మూడోదానికి దెబ్బ ఆలస్యంగా పడుతోందని చెప్పేవాడు. వెళ్లి చూస్తే అలాగే ఉండేది. తర్వాత ఆర్డర్లు తగ్గాయి. ఒక్కో కార్ఖానా మూతపడింది. సాంచాలు పాత ఇనుము కింద లారీలెక్కాయి. వాటితో పాటు గజేందర్ పనీ పోయింది. ఖతర్ వచ్చి మెసయీద్‌లో పైపులు మోశాడు, పరంజాలు కట్టాడు. పన్నెండేళ్లు గడిచాక నడుము మొరాయిస్తే కంపెనీ క్లీనింగ్‌లోకి మార్చింది. ఇన్నేళ్లలో అతనికేం వచ్చునని అడిగినవాళ్లు లేరు. అతనూ చెప్పలేదు.

కొత్త హాల్ నడిమధ్యలో ఒక మెషిన్ గన్ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం ముక్కు మీద బిగించిన విక్కర్స్ గన్ అది. మళ్లీ పేలకుండా గొట్టం ఎప్పుడో మూసేశారు. దాని ముందు మనిషెత్తు చెక్క ప్రొపెల్లర్ ఉంది. రెంటికీ మధ్య ఒక కడ్డీ, ప్రొపెల్లర్‌తో పాటే తిరుగుతూ దాన్ని నెట్టడానికి మిట్టలున్న ఒక చక్రం ఉన్నాయి. ప్రొపెల్లర్, చక్రం, కడ్డీ తర్వాతి కాలంలో చేయించిన నకళ్లు. గన్ ఒక్కటే అసలుది.

అక్కడి వస్తువుల చరిత్ర రాసి బోర్డులు పెట్టే పని మెహ్విష్‌ది. ఆమె హైదరాబాద్ గోల్కొండ అమ్మాయి. తెలుగు వాడని ఆనవాలు పట్టిన రోజు నుంచి గజేందర్‌ను భాయ్ అని పిలిచేది. టీ తాగే వేళ తను రాసినవి అతనికి చదివి వినిపించేది. అతనికి అర్థమైతే అందరికీ అర్థమవుతుందని ఆమె లెక్క.

అలా ఆ గన్ కథ గజేందర్‌కు తెలిసింది. యుద్ధం మొదట్లో విమానాలు శత్రువు ఎక్కడున్నాడో చూసి రావడానికే ఎగిరేవట. ఎదురుపడ్డ పైలట్లు పిస్తోళ్లతో, తుపాకులతో కాల్చుకునేవారు. మెషిన్ గన్ పెట్టుకుందామంటే చిక్కొచ్చిపడింది. గురి కుదరాలంటే గన్ ముందుకే చూడాలి. ముందు ప్రొపెల్లర్ తిరుగుతోంది. కాలిస్తే తన ప్రొపెల్లర్ రెక్కనే తాను విరగ్గొట్టుకుని కింద పడతాడు. కొందరు గన్‌ను విమానం పై రెక్క మీదికి ఎక్కించారు. ఒక ఫ్రెంచి పైలట్ ప్రొపెల్లర్‌కు ఉక్కు పలకలు బిగించాడు, తగిలిన గుండు పక్కకు జారిపోయేలా. 1915లో అతని విమానం జర్మన్ల వైపు దిగి వాళ్ల చేతికి చిక్కింది. కొన్ని నెలల్లోనే జర్మన్లు అంతకంటే తెలివైన ఏర్పాటుతో వచ్చారు. ప్రొపెల్లరే గన్‌కు సైగ చేస్తుంది. రెక్క అడ్డం లేని క్షణంలోనే గుండు పేలుతుంది. కొద్దికాలంలో మిగతా దేశాలూ అదే దారి పట్టాయి. నేల మీద ఈ గన్ చల్లబడడానికి గొట్టం చుట్టూ ఉన్న తొడుగులో నీళ్లు పొయ్యాలి. ఆకాశంలో గాలే చల్లబరుస్తుంది కాబట్టి పైతొడుగుకు చీలికలు కోశారు. ఆ చీలికల్లోని దుమ్మును గజేందర్ రోజూ బ్రష్‌తో తీసేవాడు.

ఇదంతా విన్నాక అతనికి రెండు రాత్రులు సాంచాలే కలలోకి వచ్చాయి. పడుగు దారాలు నోరు తెరుస్తాయి, ఆ సందులోంచి పేక దారాన్ని మోసుకుంటూ నాడె దూసుకుపోతుంది, అవి మూసుకునేలోగా అవతల పడాలి. రెప్పపాటు ఆలస్యమైతే నాడె ఇరుక్కుని వందల దారాలు తెగుతాయి. ఆ రెప్పపాటును సరిచేస్తూనే అతని యౌవనం గడిచింది.

చూడవచ్చేవాళ్లకు అర్థమవ్వాలని గన్ మూతిలో ఎర్రటి లైటు అమర్చారు. మోటారు ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. కడ్డీ తగిలినప్పుడల్లా లైటు వెలగాలి, రెక్కల సందులోంచి పోయి అవతలి తెల్లపలక మీద ఎర్రచుక్క పడాలి. చేత్తో తిప్పితే అలాగే పడేది. మోటారు వేస్తే చుక్క నేరుగా రెక్క మీదే పడేది.

ఈ పని చూస్తున్న ఇంజనీర్ సిద్ధార్థ్‌ది కాకినాడ. స్విచ్చి మార్చాడు, వైర్లు మార్చాడు, సెన్సర్ మూడుసార్లు మార్చాడు. హాల్ తెరవడానికి పన్నెండు రోజులుందనగా విసిగిపోయి మెహ్విష్‌తో అన్నాడు. "దీన్ని స్టోర్‌లో పెట్టించేద్దాం మేడం. దీని బదులు వీడియో వేసేస్తే సరిపోతుంది."

గజేందర్ అద్దాల దగ్గర ఉన్నాడు. గుడ్డ బకెట్లో వేశాడు, మళ్లీ తీశాడు. ఖతర్ వచ్చాక అడగని మాట చెప్పడం అతనికి అదే మొదటిసారి.

"సార్, అది కరెంటు జబ్బు గాదు."

సిద్ధార్థ్ వెనక్కి తిరిగాడు. "నీకెలా తెలుసు?"

"చప్పుడు సార్. చేత్తోటి తిప్పితె ఒకటే చప్పుడొస్తది. మోటర్ మీద రెండొస్తున్నయి. కడ్డీ వెనుకబడ్తున్నది."

సిద్ధార్థ్ మోటారు వేసి చెవి ఒగ్గాడు. తనకు ఒకటే వినిపిస్తోందన్నాడు. కడ్డీ మీద వేలు ఆనించి చూడమన్నాడు గజేందర్. సిద్ధార్థ్ ఆనించాడు. చాలాసేపు తీయలేదు. తీసినప్పుడు అతని ముఖంలో చిరాకు పోయింది. ఒకటి కాదు, రెండు తాకిళ్లు. కడ్డీ కొసన మేకు అరిగిపోయి వదులైంది. కడ్డీని వెనక్కి లాగే స్ప్రింగ్ నీరసించింది. నెమ్మదిగా తిప్పితే ఆ లోపం దాగుతుంది, వేగం వస్తే బయటపడుతుంది.

"ఇదివరకు ఏం పని చేసేవాళ్లు మీరు?" అని అడిగాడు. నువ్వు కాస్తా మీరు కావడం మెహ్విష్ గమనించింది.

క్లీనర్‌ను యంత్రం ముట్టుకోనివ్వాలంటే అనుమతి కావాలి. మెహ్విష్ మ్యూజియం పెద్దలకు ఉత్తరం రాసింది. గన్ మీద చెయ్యి పడదని, నకలు భాగాలనే విప్పుతారని, తాము పక్కనే ఉంటామని రాసి సిద్ధార్థ్ చేత కూడా సంతకం చేయించింది. రెండో రోజు సరేనన్నారు. గజేందర్ పాత స్ప్రింగ్‌ను వేళ్ల మధ్య నొక్కి చూసి, ఎంత బిగువుది కావాలో చెప్పాడు. సిద్ధార్థ్ తెలిసిన వర్క్‌షాపులో స్ప్రింగూ మేకూ చేయించి తెచ్చాడు.

బుధవారం మధ్యాహ్నం బిగించి మోటారు వేశారు. చుక్క కదిలింది గానీ, సగం రెక్క అంచు మీద, సగం పలక మీద పడింది. సిద్ధార్థ్ ఉసూరుమంటూ మోటారు ఆపేశాడు.

"పరేషాన్ గాకుండ్రి సార్. ఇప్పుడు తప్పెక్కడుందో మిషిని కరెక్టుగనే జెప్తున్నది," అన్నాడు గజేందర్. "సందు కనబడ్డంక కొడ్తె ఆలస్యమైతది. సందు వస్తదని తెలిసి ముందే కొట్టాలె. నాడెకు గూడ గంతే."

చక్రం మరలు వదులు చేసి, దాన్ని గోరు మందమంత ముందుకు జరిపి బిగించాడు. మళ్లీ మోటారు వేశారు. ఎర్రచుక్క తెల్లపలక నడిమధ్య నిలిచింది. ముప్పావుగంట నడిపారు. ఒక్కసారి కూడా రెక్కను తాకలేదు. సిద్ధార్థ్ అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ చేతికి గ్రీజు ఉందని గజేందర్ వెనక్కి లాక్కోబోయినా వదల్లేదు.

శుక్రవారం పొద్దున ఇంటికి ఫోన్ చేసినప్పుడు భార్య సుమలతకు జరిగిందంతా చెప్పాడు. ఇంజనీర్ సార్ చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నాడన్నాడు. ఆమె చాలా సంబరపడింది. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆమెకు దుబాయే. ఇన్నేండ్లకన్నా దుబాయ్‌ల నీ పని తెలిసినోడు ఒకడు దొరికిండని నవ్వింది. తర్వాత కొంచెం ఆగి అడిగింది.

"గా చుక్క పడ్డకాడ ఏముంటది?"

"తెల్ల పలక."

"మరి లడాయి అప్పుడు?"

సుమలత దెప్పిపొడవడానికి అడగలేదు, తెలియక అడిగింది. వెంటనే అన్నం తిన్నావా అని మాట మార్చింది. అతనికి మాత్రం ఆ ప్రశ్న రోజంతా పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. చుక్క నడిమధ్య పడినప్పుడు తను ఎంత పొంగిపోయాడో గుర్తొచ్చి సిగ్గేసింది.

శనివారం మెహ్విష్ వచ్చేదాకా ఆగి, బ్రష్ పక్కన పెట్టి చెప్పాడు.

"మేడం, చుక్క పడేకాడ మనం పలక పెట్టినం. అప్పుడక్కడ మనిషుండె గదా."

మెహ్విష్ పలక వైపు చూసింది. గన్ ఎలా పనిచేస్తుందో నాలుగు బోర్డులు రాసింది, ఎవరిని తాకిందో ఒక్క వాక్యమూ రాయలేదు. హాల్ తెరవడానికి వారమే ఉంది. అయినా కూర్చుని ఐదో బోర్డు రాసింది. ఆ విమానాల్లో చనిపోయినవాళ్లు ఎక్కువమంది ఇరవై, ఇరవై రెండేళ్ల వాళ్లని, తొలినాళ్లలో చాలామందికి పారాచూట్ కూడా లేదని అందులో ఉంది. దాన్ని పలక పక్కనే, చుక్క మీది నుంచి చూపు తిప్పగానే కనబడే చోట బిగించారు. గజేందర్ లెవెల్ చూసి మేకులు కొట్టాడు.

హాల్ తెరిచాక ఆ యంత్రం దగ్గరే జనం ఎక్కువ ఆగుతున్నారు. మొదట చుక్కను చూసి చప్పట్లు కొడతారు. తర్వాత పక్కకు తిరిగి చదువుతారు, గొంతులు తగ్గుతాయి. రెండో శుక్రవారం క్యాంపు నుంచి ఎనిమిదిమంది బస్సెక్కి వచ్చారు. గజేందర్ వాళ్లకు పడుగుతో, నాడెతో పోల్చి చెప్పాడు. వాళ్లలో ఇద్దరు సిరిసిల్ల వాళ్లే. వాళ్లకు ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

నాలుగు నెలల తర్వాత సిద్ధార్థ్ సిఫారసు మీద మ్యూజియం అతన్ని కంపెనీ నుంచి తన ఉద్యోగిగా తీసుకుంది. కార్డు మీద ఇప్పుడు మెకానిక్ అని ఉంది. మొదటి రోజు ఏ గుడ్డతో తుడవాలో కొత్త క్లీనర్‌కు చూపించి, ముట్టుకోకుండా తుడవడం ఎలాగో కూడా చెప్పాడు. తర్వాత ఆగిపోయిన గోడ గడియారాల గదిలోకి వెళ్లాడు. అక్కడ ఇరవై ఆరున్నాయి. మొదటిదాని తలుపు తెరిచి, లోలకాన్ని వేలితో మెల్లగా కదిపి, చెవి దగ్గరగా పెట్టాడు.