బ్రేకు లైటు బాధ్యత నాదే

ఆ రోజుల్లో మనుషులకు ఓపిక ఎక్కువని ఇప్పుడు అందరూ అంటారు. నిజమో కాదో నాకు తెలియదు గానీ, అరవైల మొదట్లో జహీరాబాద్‌లో నాకు తారసపడిన వాళ్ళకు మాత్రం నాలాంటి దాన్ని భరించేంత ఓపిక తప్పకుండా ఉండేది. నర్సు చదువు ముగించి ఒక చిన్న దవాఖానలో చేరేనాటికి నాకు ఇరవై ఏళ్ళు. రాయికోడ్ పక్క పల్లెలో ఎడ్లబండి తప్ప మరో బండి ఎరగకుండా పెరిగినదాన్ని, దవాఖాన పికప్పులో డ్రైవరు పక్క సీటు నాదని తెలిసిన రోజున అన్నం సయించలేదు. జీతం సంగతి అడగడం కూడా మరిచిపోయాను.

ఆ పికప్పు అప్పటికే ముసలిది. వెనక టార్పాలిన్ కప్పు, లోపల ఒక బల్ల, బల్ల మీద పరుపు. చుట్టుపక్కల పల్లెల రోగులకు అదే దిక్కు. దాన్ని నడిపేది ఉస్తాద్. ఆయన అసలు పేరుతో పిలవగా నేను వినలేదు, డాక్టరమ్మ కూడా ఉస్తాద్ అనే అనేది. యాభై దాటిన మనిషి, తక్కువ మాట, పొద్దున బండి ఎక్కే ముందు దాని ముక్కు మీద ఒకసారి చేయివేసి ఎక్కేవాడు. (జ్వరం చూస్తున్నాడేమో అనుకునేదాన్ని.)

ఒకరోజు మధ్యాహ్నం రైలు గేటు దగ్గర మేము ఆగగానే వెనక ధన్‌మని చప్పుడైంది. దిగి చూస్తే పోస్టుమాను సైకిలు మా బండి కింద సగం దూరి ఉంది, ఉత్తరాలు రోడ్డంతా పరుచుకున్నాయి, ఆయన మోకాలు చూసుకుంటున్నాడు. బ్రేకు లైటు వెలగలేదని ఆయన అంటే ఉస్తాద్‌కు నమ్మకం కలగలేదు. ఆగుతున్నట్టు చేయి బయటపెట్టి చూపానన్నాడు. చూపాడు కూడా, కానీ టార్పాలిన్ కప్పు అడ్డం. ఆ మోకాలికి నేనే పట్టీ కట్టాను. ఆ ఉద్యోగంలో చేరాక నేను కట్టిన పట్టీల్లో మొదటిది మా బండి చేసిన గాయానిదే.

సాయంత్రం దవాఖాన ముందు బండి ఆపి ఉస్తాద్ రెండు బల్బులూ మార్చాడు, వాటి గూళ్ళు గీకి తుడిచాడు. తొక్కే మనిషికి వెనక దీపం కనబడదు కదా, అందుకని నన్ను వెనక నిలబెట్టాడు. ఆయన తొక్కి అడగడం, నేను చూసి చెప్పడం. పడమటి ఎండ సరిగ్గా ఆ ఎర్ర అద్దాల మీద పడుతోంది. "ఎలిగిందా సిస్టరమ్మా?" అని అడిగాడు. నిప్పు కణికల్లా మెరుస్తున్నాయి. వెలిగిందన్నాను. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పాను. బండి వైద్యంలో నాకూ చేయి ఉందనుకుని లోపలికి వెళ్ళి అందరికీ చెప్పాను కూడా.

మర్నాడు అదే గేటు, అదే పోస్టుమాను. ఈసారి రెండో మోకాలు. పాపం ఆయన కోప్పడలేదు. ఉత్తరాలు ఏరుకుంటూ, రేపటి నుంచి మీరే ముందు పోండి, మీరు ఇల్లు చేరినంక నేను బయలుదేర్త అన్నాడు. డాక్టరమ్మ మాత్రం ఉస్తాద్‌ను పిలిపించి, లైటు సరయ్యేదాకా బండి దవాఖాన గేటు దాటదని కచ్చితంగా చెప్పేసింది. అంటే న్యాల్‌కల్ వైపు పల్లెల్లో నెలలు నిండిన వాళ్ళంతా ఎడ్లబండ్ల మీద రావాలన్నమాట. తలుపు పక్కన నిలబడి నేనదంతా విన్నాను. అప్పటికే నాకు అనుమానం వచ్చింది, నేను చూసింది దీపాన్ని కాదు, సూర్యుణ్ణి అని. ఉస్తాద్ నా వైపు ఒకసారి చూసి, తీగ మళ్ళీ ఊడినట్టుంది మేడమ్, నాదే తప్పు అన్నాడు. ఆ తప్పును ఆయన మీదే ఉండనిచ్చాను. ఆ సంగతికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

బయటికొచ్చాక ఆయన వెంటపడి జరిగింది చెప్పాను. ఆయన బండిని షెడ్డు నీడలోకి తోసుకుపోతూనే విన్నాడు. "నాకెరుకైంది బిడ్డా. తప్పు నాది గుడ ఉన్నది. తొక్కినప్పుడు ఎలిగిందా అని అడుగుడే గాదు, కాలు తీసినంక ఆరిందా అని గుడ అడగాలె. రెండో మాట నేను అడగలే" అన్నాడు. రోగుల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేశాను, ఇంత పనికొచ్చే మాట నాకు ఏ పెద్ద చదువూ చెప్పలేదు.

ఆ పూట ఆయన నాకు బండి నాడి చూడటం నేర్పాడు. ముందు దీపాలు వెలుగుతున్నాయంటే బ్యాటరీకి జబ్బు లేదు. వెనక దీపాలు రెండూ ఒక్కసారే పోవడమంటే బల్బుల తప్పు కాదు, రెండింటికీ కరెంటు కలిసి వచ్చే చోటే ఏదో చెడింది. బ్రేకు తొక్కితే నూనె ఒత్తిడికి కరెంటును కలిపే చిన్న స్విచ్చి ఒకటి బండి కింద ఉంటుంది. ఆయన కిందికి దూరి, ఆ స్విచ్చికున్న రెండు తీగలను విప్పి ఒకదానికొకటి ఆనించాడు. షెడ్డు నీడలో రెండు దీపాలూ ఎర్రగా వెలిగాయి. తీగలు విడదీశాడు, ఆరిపోయాయి. ఆరిందని ఆయన అడగకముందే చెప్పాను. చచ్చింది స్విచ్చే.

కొత్తది హైదరాబాద్ నుంచి రావాలి, పది రోజులు పడుతుంది. అంతవరకు ఏం చేయాలో ఆలోచించి ఉస్తాద్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, ఆమె బల్ల మీది కరెంటు గంట మీట అడిగి తెచ్చాడు. (ఆ పది రోజులూ ఆమె చప్పట్లు కొట్టి అటెండరును పిలిచింది.) దాన్ని ఆ రెండు తీగలకు కలిపి నా సీటు ముందు బిగించాడు. ఆయన బ్రేకు తొక్కినప్పుడల్లా నేను మీట నొక్కాలి. చెప్పేదాకా ఆగితే ఆలస్యమవుతుంది గనుక రోడ్డును నేనే చదవాలి. మలుపు, మేకల మంద, చెరకు బండి, ఏది ఎదురైనా ఆయన కాలు కదిలేలోపు నా బొటనవేలు కదిలేది. నేను నొక్కడం వల్లే బండి ఆగుతోందని మూడో రోజుకు నాకు గట్టి నమ్మకం కుదిరింది.

ఏడో రోజు సాయంత్రం న్యాల్‌కల్ అవతలి పల్లె నుంచి నొప్పులు పడుతున్న అమ్మాయిని ఎక్కించుకున్నాం. బిడ్డ అడ్డం తిరిగింది, నేను వెనక ఆమె పక్కనే ఉండాలి. మీట దగ్గర ఎవరు? ఆమె అత్తను ముందు సీట్లో కూర్చోబెట్టి పని చెప్పాను. "ఆయన తొక్కినట్టు నాకెట్ల ఎరుక బిడ్డా?" అని అడిగింది. నేను చెప్త గద అన్నాడు ఉస్తాద్. ఆ పెద్దామె తలూపి, వేలు మీట మీద పెట్టింది. మళ్ళీ తీయలేదు. దారి పొడుగునా మా బండి వెనక ఎర్ర దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. మా వెనక చెరకు లోడుతో ఒక లారీ పడింది. దాటిపోయేందుకు రోడ్డు చాలదు. మేము ఇప్పుడే ఆగుతామనుకుని పాపం ఆ డ్రైవరు అంత దూరాన నెమ్మదిగా వస్తూనే ఉన్నాడు, హారను కొడుతూనే ఉన్నాడు. ఒకచోట ఎద్దు అడ్డమొచ్చి ఉస్తాద్ గట్టిగా తొక్కాడు. బల్ల మీది అమ్మాయిని రెండు చేతులా పట్టుకుని కప్పు సందులోంచి వెనక్కి చూశాను. లారీ చాలా దూరంలో ఆగి ఉంది. దగ్గరగా వచ్చి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచించను.

దవాఖాన ముందు లారీ డ్రైవరు దిగి, ఆగుతవా పోతవా ఒకటి చెప్పు అని ఉస్తాద్ మీదికొచ్చాడు. లోపలి మూలుగు వినగానే మాట మింగేసి, స్ట్రెచరు ఒక కొస అతనే పట్టాడు. డాక్టరమ్మ చేతి చలవ, తల్లీ బిడ్డా దక్కారు. ఆడపిల్ల. ఎందుకమ్మా అంతసేపు నొక్కావని అడిగితే పెద్దామె, "ఇడిస్తే యాది మరుస్తనేమోనని భయమైంది" అన్నది. వేలు ఎర్రగా కంది ఉంది. నేను ఆ వేలికి నూనె రాశాను.

తర్వాత కొత్త స్విచ్చి వచ్చింది. ఉస్తాద్ దాన్ని బిగించి, గంట మీట డాక్టరమ్మకు తిరిగి ఇచ్చేశాడు. అయినా ప్రతి మలుపులో నా వేలు ఖాళీ రేకును నొక్కుతూనే ఉండేది. రెండు రోజులు చూసి, మానేయనా అని నేనే అడిగాను. "ఉండనియ్యి బిడ్డా, నువ్వు నొక్కు. నాకు గుడ ధైర్యంగ ఉంటది" అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. ఆ మాట నిజమనే అప్పుడు నమ్మాను. నమ్మి ఇంకో నెల రోజులు ఎంతో శ్రద్ధగా, వీపు నిటారుగా పెట్టి కూర్చుని, ఆ ముసలి బండిని నేనే ఆపాను.