తిన్నగా దిద్దిన పసుపు గీత

కుస్నాన్ తలెత్తి నడవడం సురబయా నగరంలో ఎవరూ చూసి ఉండరు. నేల కింద ఏముందో చెప్పడమే అతని ఉద్యోగం. రోడ్డు తవ్వాలన్నా, కాల్వ వెడల్పు చేయాలన్నా ముందు అతను రావాలి. కర్రకు బిగించిన పెట్టెలాంటి పరికరాన్ని నేలకు ఆనీ ఆననట్టు పట్టుకుని నడుస్తాడు. అది గుయ్యిమన్నచోట రంగు చుక్క పెడతాడు. గ్యాసు గొట్టానికి పసుపు, కరెంటు తీగకు ఎరుపు, మంచినీళ్లకు నీలం. అనుమానం వచ్చినచోట పార పుచ్చుకుని స్వయంగా తవ్వి, గొట్టాన్ని కళ్లారా చూసి, మట్టి కప్పేసి, అప్పుడు గీత గీస్తాడు. ఆ గీతకు అటూ ఇటూ మూరెడు మేర యంత్రం పళ్లు తగలకూడదు. అక్కడ మనుషులు పారలతోనే తవ్వాలి.

ఓస్ ఇంతేనా అనిపిస్తుంది వినేవాళ్లకు. గ్యాసు గొట్టం పగిలిన వీధిని ఒక్కసారి చూసినవాడు మళ్లీ ఆ మాట అనడు.

వాళ్ల సందులో అతనంటే వేళాకోళమూ ఉంది, గౌరవమూ ఉంది. చెవిదుద్దు పోగొట్టుకున్న ప్రతి ఆడమనిషీ ఆ పెట్టె తెచ్చి ఓసారి మా పెరట్లో తిప్పి పొమ్మంటుంది. పెళ్లి పందిరికి గుంజ పాతేటప్పుడు మాత్రం నవ్వులు మాని పిలుస్తారు. ఇక్కడొద్దు, అటు జరపండి అంటే మారు మాట్లాడకుండా జరుపుతారు. పెళ్లివారు పెట్టే నల్లటి మాంసం పులుసు, అన్నం మారు వడ్డించుకుని మరీ తిని, చల్లగా ఇంటికొస్తాడు. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి అంటాడు. మాటవరసకు కాదు, నిజంగానే అలా అనుకునే మనిషి.

అతని భార్య లాస్మిని తీరు వేరు. వంకర అన్నది ఆమెకు సరిపడదు. గోడమీద క్యాలెండరు వేలెడు ఒరిగినా ఆమెకు అన్నం సహించదు. పక్కింటివాళ్ల గుమ్మం ముందు చెప్పులు కూడా జతచేసి వస్తుంది. అలాంటి మనిషికి ఆగస్టు వచ్చిందంటే పూనకమే. వాళ్ల దేశపు స్వాతంత్ర్య దినం ఆ నెలలోనే, దానికి ప్రతి సందూ ముస్తాబవుతుంది. సిమెంటు దారి నిండా బొమ్మలు వేస్తారు, పెద్దలొచ్చి చూసి బాగున్న సందుకు బహుమతి ఇస్తారు. ఆ సందు ఆడవాళ్ల రంగుల దండుకు లాస్మినే నాయకురాలు. మొగుడి ఉద్యోగం గురించి మాత్రం ఆమె ఏనాడూ అడిగింది లేదు. మట్టి కొట్టుకుని వస్తాడు, పెరటి తలుపు దగ్గర కాళ్లు కడుక్కుని లోపలికి రమ్మంటుంది, అంతే.

ఆ ఏడాది పండుగ నెలలోనే మురుగుకాల్వ పని వచ్చి పడింది. వానలు దిగేలోపు కాల్వ వెడల్పు కావాలి. సందు మధ్యగా వచ్చే గ్యాసు గొట్టం, ఎప్పుడో పూడ్చేసిన బావి దగ్గరికి రాగానే కాల్వ వైపుకు వంగి, దాన్ని తప్పించుకుని, మళ్లీ మధ్యకు చేరుతుంది. కుస్నాన్ గీత కూడా అలాగే వంగింది. చివర తన పేరు రాశాడు. అది వాళ్ల పద్ధతి, గీత తప్పితే ఎవరిని నిలదీయాలో తెలియాలి కదా. తప్పు గీత గీసినవాణ్ణి కంపెనీ మళ్లీ ఆ పెట్టె ముట్టుకోనివ్వదు. గీత ఆరాక, పక్క ఊరు సిదోఅర్జోలో పనుంటే వెళ్లిపోయాడు.

అతను తిరిగొచ్చిన పొద్దున తవ్వే యంత్రం అప్పటికే బావి ఉన్నచోటికి చేరింది. దాన్ని నడిపే రొఫీక్ అతన్ని చూసి పైనుంచే పలకరించాడు.

"ఏం గీశావు చాక్. ఇంత నీటైన గీత ఈ ఊళ్లోనే చూళ్లేదు."

చాక్ అంటే అక్కడ అన్నయ్య అన్నట్టు. పొగడ్తకు మురిసిపోతూ కుస్నాన్ గీత వైపు చూశాడు. సందు మొదటినుంచి చివరిదాకా తాడు పట్టి గీసినట్టుంది పసుపు గీత. రెండు పక్కలా తెల్ల పువ్వులు. బావి దగ్గర వంకర లేదు. పాత గీతమీద బూడిదరంగు పూసేశారు. చివర తన పేరు మాత్రం అలాగే ఉంది, ముత్యాల్లాంటి అక్షరాలతో దిద్ది మరీ ఉంచారు.

ఆ చెయ్యి ఎవరిదో అతనికి వేరే చెప్పాలా? లాస్మిని గుమ్మంలోనే నిలబడి ఉంది, కాఫీ గ్లాసుల పళ్లెంతో. ఎప్పుడు మెచ్చుకుంటాడా అని మొహం వెలిగిపోతోంది. సందు సందంతా అక్కడే ఉంది. వీధిపెద్ద జుమాది నడుం మీద చేతులు పెట్టుకుని పని చూస్తున్నాడు. యంత్రం పళ్లు కాల్వ అంచున దిగబోతున్నాయి.

"యంత్రం ఆపు రొఫీక్. గీత తప్పు."

రొఫీక్ ఆపి, చెవి వెనక దోపుకున్న పొగాకు చుట్ట తీసి కిందికి దిగాడు. జుమాది నమ్మలేకపోయాడు. ఇన్నేళ్ల పనిమంతుడివి, నీ సొంత సందులో తప్పు గీశావా అని అడిగాడు. లాస్మిని వైపు కుస్నాన్ తల తిప్పనైనా లేదు. సందు మొత్తం ముందు ఆమె తల వంచుకోవడం అతను చూడలేడు. చూడలేడంటే చూడలేడు, ఉద్యోగం ఉన్నా ఊడినా.

"అవును. చెయ్యి తప్పింది" అన్నాడు.

రొఫీక్ గొంతు తగ్గించాడు. పై ఇంజనీరుకు చెప్పక తప్పదని, చెబితే ఏమవుతుందో తెలుసు కదా అని నసిగాడు. తెలుసన్నాడు కుస్నాన్. పార అందుకుని, బావి ఉన్నచోట కాల్వ అంచున మెల్లగా తవ్వడం మొదలుపెట్టాడు. పెట్టె పట్టి తిరిగిన ఏళ్లన్నీ కళ్లముందు మెదిలాయి. ఇంక తనను పందిరి గుంజకు కూడా ఎవరూ పిలవరు అనుకున్నాడు. జానెడు, మూరెడు. మట్టిలోంచి పసుపు గొట్టం బయటపడింది. యంత్రం పళ్లు దిగబోయింది సరిగ్గా దాని మీదికే. అప్పటిదాకా గుసగుసలాడిన వాళ్లు వెనక్కి జరిగారు. ఎవరో తమ ఇంట్లో పొయ్యి ఆర్పడానికి పరుగెత్తారు.

లాస్మిని పళ్లెం అరుగుమీద పెట్టింది. గ్లాసులు గలగలమన్నాయి. గొయ్యి దాకా వచ్చి, గొట్టాన్ని చూసింది, గీతను చూసింది.

"ఆయన చెయ్యి తప్పలేదు" అంది జుమాదితో. "వంకరగా ఉంది, బహుమతి ఇచ్చేవాళ్లు నవ్వుతారని నేనే తిన్నగా దిద్దాను. ఊరంతా పేరున్న మనిషి, గీత అందంగా లేకపోతే ఎలా అనుకున్నాను. అది గీత కాదు, గొట్టమని నాకు తట్టలేదు."

"నువ్వు లోపలికెళ్లు" అన్నాడు కుస్నాన్.

"వెళ్లను. నా తప్పు నెత్తిన వేసుకుంటే నేను చూస్తూ ఊరుకుంటాననుకున్నావా?"

ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. పూలు వేసింది వాళ్లే మరి. ఒకావిడ, తెల్లరంగు డబ్బా నాదే అని ఒప్పుకుంది. ఇంకొకావిడ, తాడు పట్టింది నేనే అంది. జుమాది గొంతు సవరించుకున్నాడు, ఆ తాడు తనింట్లోదే.

రొఫీక్ తల గోక్కున్నాడు. ఇంజనీరుకు ఉన్నదున్నట్టే చెబుతానన్నాడు, గీత మొదట సరిగానే గీశారని, తర్వాత సందులో రంగులు వేసేటప్పుడు మారిందని, గీసినవాడే పట్టుకుని పని ఆపించాడని. అది విని కుస్నాన్ గొయ్యి అంచున కూలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు, చేతి మట్టి మొహానికి అంటింది. ఎవరూ నవ్వలేదు.

"కానీ ఇప్పుడు గీత లేకుండా నేను యంత్రం ఎక్కను వదినా" అన్నాడు రొఫీక్.

లాస్మిని కుంచె తెచ్చుకుంది. కుస్నాన్ పెట్టె పట్టుకుని ముందు నడిచాడు, ఆమె మోకాళ్లమీద వెనకే. పెట్టె గుయ్యిమన్నచోటల్లా కాలితో చూపించేవాడు. ఇక్కడా, అని అడిగి అక్కడే రంగు వేసేది. బావి దగ్గరికి వచ్చాక కుంచె ఆపి తల పైకెత్తింది.

"ఇక్కడెందుకు వంగింది?"

పెళ్లయిన ఇన్నేళ్లలో అతని పని గురించి ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. కుస్నాన్ పెట్టె కింద పెట్టి ఆమె పక్కన చతికిలబడ్డాడు. కింద బావి పూడ్చిన మట్టి వదులుగా ఉంటుందని, గొట్టం దానిమీదుగా వేస్తే కుంగిపోతుందని, అందుకే చుట్టు తిప్పారని, చేతులు తిప్పుతూ చెప్పాడు. కాల్వ సంగతి, యంత్రం సంగతి మర్చిపోయి చెప్పాడు. ఆమె కదలకుండా విన్నది.

వెనక తెల్లరంగు డబ్బాతో వచ్చిన ఆవిడ, కనీసం ఈ వంపు దగ్గరైనా నాలుగు పువ్వులు వేద్దామా, మరీ బోసిగా ఉందంది.

"వద్దు" అంది లాస్మిని. "ఆయన గీత ఆయన గీసినట్టే ఉండనీ."